స్కిజోఫ్రీనియాలో నాడీ వార్తాహర వ్యవస్థల చిత్రీకరణ

స్కిజోఫ్రీనియా వ్యాధిగ్రస్తుల మెదడులో డోపమైన్, గ్లుటమేట్, సెరొటోనిన్ వంటి నాడీ వార్తాహరులు ఏ విధంగా పనిచేస్తున్నాయో, పుర్రె తెరవకుండా, మనిషి మెలకువగా ఉండగానే కొలిచే పద్ధతులన్నిటినీ కలిపి నాడీ వార్తాహర చిత్రీకరణ అంటారు. పెట్ స్కాన్, స్పెక్ట్ స్కాన్, ఎం.ఆర్. స్పెక్ట్రోస్కోపీ అనేవి వీటిలో ముఖ్యమైనవి. 1980వ దశకంలో మొదలైన ఈ పరిశోధనల వలన రెండు సంగతులు స్పష్టమయ్యాయి. అనేకమంది రోగులలో ప్రధానమైన తేడా డోపమైన్‌ను అందుకునే గ్రాహకాలలో కాక, డోపమైన్‌ను తయారుచేసి విడుదల చేసే నాడీకొనలలో ఉన్నదనేది మొదటిది. ఆ రోజులలో వాడుకలో ఉన్న మందుల మోతాదులు చాలావరకు అవసరానికి మించినవనేది రెండవది. అయితే ఫలానా వ్యక్తికి ఈ వ్యాధి ఉన్నదో లేదో స్కాన్ తీసి చెప్పగలిగే స్థితి మాత్రం ఇంకా రాలేదు.

నేపథ్యం

లేని మాటలు వినిపించటం, ఎవరో తనపై కుట్ర పన్నుతున్నారనే గట్టి నమ్మకం, మాటలలో పొంతన లేకపోవటం ఈ వ్యాధి యొక్క ప్రస్ఫుట లక్షణాలు. వీటితోబాటు ఉత్సాహం తగ్గిపోవటం, నలుగురికీ దూరమవటం, ఏకాగ్రత, జ్ఞాపకశక్తి మందగించటం కూడా ఉంటాయి. చాలామందిలో ఇది పదిహేడు, పద్ధెనిమిదేళ్ళ నుండి ముప్పై ఏళ్ళ లోపు, అనగా చదువు, ఉద్యోగం, పెళ్ళి కుదురుకునే వయసులో బయటపడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచంలో సుమారు 2 కోట్ల 40 లక్షల మందికి, అంటే ప్రతి 300 మందిలో ఒకరికి, ఈ వ్యాధి ఉన్నది.

స్కిజోఫ్రీనియా అనే పేరును స్విట్జర్లాండుకు చెందిన యూజెన్ బ్లాయ్లర్ 1908లో వాడుకలోకి తెచ్చాడు. గ్రీకు మూలాలను బట్టి దీనికి 'చీలిన మనస్సు' అని అర్థం వస్తుంది. ఈ అర్థం వలననే దీనిని ఒకే మనిషిలో ఇద్దరు, ముగ్గురు వ్యక్తులు ఉండే స్థితిగా చాలామంది పొరబడతారు. 2005లో వచ్చిన అపరిచితుడు సినిమాలో చూపినది ఆ రెండవ రుగ్మత. దానికీ స్కిజోఫ్రీనియాకూ సంబంధం లేదు. బ్లాయ్లర్ ఉద్దేశించిన చీలిక ఆలోచనకూ, అనుభూతికీ, ప్రవర్తనకూ మధ్య తెగిపోయిన పొందికను గురించినది.

వ్యాధికీ మెదడులోని రసాయనాలకూ సంబంధం ఉన్నదనే ఊహ మందుల ద్వారా వచ్చినది. మన దేశంలో తరతరాలుగా వాడుకలో ఉన్న సర్పగంధి వేరు మతిచాంచల్యానికీ, రక్తపు పోటుకూ పనిచేస్తుందని కలకత్తా వైద్యులు గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ 1931లో ప్రచురించారు. ఆ వేరులోని రెసర్పిన్ అనే పదార్థాన్ని 1952లో స్విట్జర్లాండులో వేరుచేశారు. అదే సంవత్సరం పారిస్‌లో జాన్ డిలే, పియెర్ డెనికెర్ అనే వైద్యులు క్లోర్‌ప్రోమజైన్ అనే మందు భ్రమలను, భ్రాంతులను తగ్గిస్తున్నదని గుర్తించారు. స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ రెసర్పిన్ ఇచ్చిన జంతువులు కదలకుండా పడి ఉండటం, వాటికి డోపమైన్‌కు ముడిపదార్థమైన ఎల్-డోపా ఇస్తే తిరిగి లేవటం 1957లో చూపాడు. డోపమైన్ ఒక నాడీ వార్తాహరి అని రుజువు చేసినందుకు ఆయనకు 2000లో నోబెల్ బహుమతి లభించినది. క్లోర్‌ప్రోమజైన్, హాలోపెరిడాల్ వంటి మందులు డోపమైన్ గ్రాహకాలను అడ్డుకుంటున్నాయని సూచించినది కూడా ఆయనే (1963). 1970వ దశకం మధ్యలో టొరంటోలో ఫిలిప్ సీమన్, బాల్టిమోర్‌లో సోలమన్ స్నైడర్ బృందాలు ఒక ముఖ్య విషయాన్ని కనుగొన్నాయి. ఒక మందు డి2 అనే రకపు డోపమైన్ గ్రాహకానికి ఎంత గట్టిగా అంటుకుంటే, అంత తక్కువ మోతాదులో రోగికి పనిచేస్తున్నది.

ఇంతవరకూ ఉన్నదంతా పరోక్ష సాక్ష్యమే. మందు ఒక తలుపును మూస్తున్నది కనుక వ్యాధి ఆ తలుపు దగ్గరే ఉన్నదనటానికి వీలులేదు. జ్వరం బిళ్ళకు జ్వరం తగ్గినంత మాత్రాన జ్వరానికి కారణం ఆ బిళ్ళ లోపించటం కాదు కదా. మరణానంతరం పరీక్షించిన మెదళ్ళలో డి2 గ్రాహకాలు ఎక్కువగా కనిపించేవి. కాని ఆ మెదళ్ళు ఏళ్ళ తరబడి మందులు వాడినవారివి, ఆ మందులే గ్రాహకాల సంఖ్యను పెంచగలవు. ఇంకా మందు మొదలుపెట్టని, బ్రతికి ఉన్న రోగి మెదడులోకి చూస్తే తప్ప ఈ చిక్కు విడదు.

పనిచేసే తీరు

ఒక నాడీకణం నుండి మరొకదానికి కబురు అందాలంటే మధ్యలో ఉన్న సన్నని సందును దాటాలి. మొదటి కణం కొన నుండి వెలువడిన వార్తాహరి ఆ సందును దాటి, అవతలి కణంపై ఉన్న గ్రాహకాలలో కూర్చుంటుంది. అప్పుడే కబురు అందినట్లు.

పెట్ స్కాన్‌లో ఈ గ్రాహకాలకు అంటుకునే ఒక పదార్థానికి రేడియోధార్మిక అణువును తగిలించి, మైక్రోగ్రాముల పరిమాణంలో రక్తనాళంలోకి ఎక్కిస్తారు. దీనిని ట్రేసర్ అంటారు. రేడియోధార్మిక అణువు నుండి వెలువడే పాజిట్రాన్ దగ్గరలోని ఎలక్ట్రాన్‌తో కలిసి నశించినప్పుడు రెండు గామా కిరణాలు ఎదురెదురు దిశలలో బయటకు వస్తాయి. తల చుట్టూ అమర్చిన గ్రాహక యంత్రాలు వాటిని పట్టుకుని, ఎక్కడ నుండి వచ్చాయో లెక్కగట్టి చిత్రాన్ని తయారుచేస్తాయి. కార్బన్-11 అర్ధాయుష్షు సుమారు 20 నిమిషాలు మాత్రమే. కనుక దానిని తయారుచేసే సైక్లోట్రాన్ యంత్రం ఆ ఆవరణలోనే ఉండాలి. ఫ్లోరిన్-18 అర్ధాయుష్షు 110 నిమిషాలు కావటం వలన దానిని కొంతదూరం తీసుకువెళ్ళవచ్చు. స్పెక్ట్ స్కాన్‌లో వాడే అయోడిన్-123 సుమారు 13 గంటలు నిలుస్తుంది. ఖర్చు తక్కువే గాని చిత్రంలో స్పష్టత కూడా తక్కువ.

ఇక్కడ గుర్తుంచుకోవలసినది, ట్రేసర్ లెక్కపెట్టేది ఖాళీగా ఉన్న గ్రాహకాలను మాత్రమే. బస్టాండులో ఆగిన బస్సును ఉదాహరణగా తీసుకోవచ్చు. కొన్ని సీట్లలో ప్రయాణికులు కూర్చుని ఉంటారు, కొన్నిటిపై కిటికీలో నుండి ఎవరో తువ్వాలు వేసి ఉంచుతారు, మిగిలినవి ఖాళీ. ప్రయాణికులు డోపమైన్ అణువులు, తువ్వాళ్ళు యాంటీసైకోటిక్ మందులు. తువ్వాలు సీటును ఆపగలదు గాని ప్రయాణం చేయదు. మందు కూడా గ్రాహకాన్ని ఆక్రమిస్తుంది గాని కబురు అందించదు. ట్రేసర్ ఖాళీ సీట్లు ఎన్ని ఉన్నవో చెబుతుంది. మందు ఇవ్వక ముందు, ఇచ్చిన తరువాత రెండుసార్లు లెక్కపెడితే తువ్వాళ్ళ సంఖ్య తెలుస్తుంది. డోపమైన్‌ను ఒక్కసారిగా విడుదల చేయించే యాంఫెటమిన్ ఇచ్చి చూస్తే ఎంతమంది ప్రయాణికులు కొత్తగా ఎక్కారో తెలుస్తుంది. డోపమైన్ తయారయ్యే వేగాన్ని కొలవటానికి మాత్రం వేరే ఉపాయం కావాలి. ఎల్-డోపాకు ఫ్లోరిన్-18 తగిలించిన ఫ్లోరోడోపాను ఎక్కిస్తే నాడీకొనలు దానిని లోనికి తీసుకుని డోపమైన్ వంటి పదార్థంగా మార్చుకుంటాయి. ఆ మార్పు జరిగే వేగమే కొలత.

ఎం.ఆర్. స్పెక్ట్రోస్కోపీకి రేడియోధార్మికతతో పనిలేదు. మామూలు ఎం.ఆర్.ఐ. యంత్రంతోనే మెదడులోని ఒక చిన్న భాగంలో గ్లుటమేట్, గాబా వంటి పదార్థాలు ఎంత ఉన్నవో కొలుస్తారు. అయితే గ్లుటమేట్ కబుర్లు మోయటమే కాక కణాల జీవక్రియలో కూడా పాలుపంచుకుంటుంది. ఈ రెండింటినీ ఆ పద్ధతి విడదీసి చూపలేదు.

గ్రాహకాల లెక్కపై వివాదం

మనిషి మెదడులో డోపమైన్ గ్రాహకాలను పెట్ ద్వారా మొదటిసారి చిత్రించినది 1983లో, అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో. ఆ బృందానికి నాయకుడైన హెన్రీ వాగ్నర్ ఆ ట్రేసర్‌ను మొదట తన శరీరంలోకే ఎక్కించుకున్నాడు. 1986లో అదే సంస్థకు చెందిన డీన్ వాంగ్ బృందం, మందులు ఎన్నడూ వాడని రోగులలో కూడా డి2 గ్రాహకాలు ఆరోగ్యవంతులలో కంటే బాగా ఎక్కువగా ఉన్నాయని ప్రకటించినది. వ్యాధి రహస్యం దొరికినదని అప్పట్లో చాలామంది భావించారు.

కాని స్టాక్‌హోంలోని కరోలిన్‌స్కా సంస్థలో లార్స్ ఫార్డే బృందానికి ఆ తేడా కనిపించలేదు. రెండు బృందాలూ వాడిన ట్రేసర్లు వేరు. స్టాక్‌హోంలో వాడిన రాక్లోప్రైడ్ గ్రాహకాన్ని వదులుగా పట్టుకుంటుంది కనుక అక్కడ ఉన్న డోపమైన్‌తో పోటీపడవలసి వస్తుంది. బాల్టిమోర్‌లో వాడిన పదార్థానికి ఆ బెడద తక్కువ. ప్రయాణికులు ఎక్కువ ఉన్న బస్సులో సీట్లు నిజంగానే ఎక్కువ ఉన్నా, ఖాళీ సీట్ల లెక్క మామూలుగానే కనిపించవచ్చు. ఈ వాదం పదేళ్ళకు పైగా సాగినది. 2012లో ఆలివర్ హోవ్స్, తదితరులు అప్పటివరకు జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూసినప్పుడు, మందులు వాడనివారిలో డి2 గ్రాహకాల లభ్యతలో చెప్పుకోదగ్గ తేడా లేదని, డోపమైన్ తయారీ, విడుదలలలో మాత్రం స్పష్టమైన పెరుగుదల ఉన్నదని తేలినది.

డోపమైన్ తయారీ, విడుదల

ఈ మలుపుకు పునాది 1990వ దశకంలో పడినది. 1994లో మాంట్రియల్‌లో, 1995లో ఫిన్లాండ్‌లోని తుర్కులో జరిగిన పరిశోధనలలో రోగుల స్ట్రయేటం అనే మెదడు భాగం ఫ్లోరోడోపాను ఎక్కువ వేగంగా గ్రహిస్తున్నట్లు కనిపించినది. 1996లో యేల్ విశ్వవిద్యాలయంలో మార్క్ లారుయెల్ బృందం 15 మంది రోగులకు, 15 మంది ఆరోగ్యవంతులకు యాంఫెటమిన్ ఇచ్చి, ముందూ తరువాతా స్పెక్ట్ స్కాన్ తీసినది. ట్రేసర్ బంధనం ఆరోగ్యవంతులలో సగటున 7.6 శాతం తగ్గగా, రోగులలో 19.5 శాతం తగ్గినది. అంటే అదే మోతాదుకు రోగుల నాడీకొనలు రెండు రెట్లకు మించి డోపమైన్‌ను కుమ్మరించాయి. మరుసటి సంవత్సరం అలన్ బ్రెయెర్ బృందం పెట్ ద్వారా ఈ ఫలితాన్ని బలపరచినది.

యాంఫెటమిన్ ఇస్తేనే కనబడే తేడా మామూలు సమయంలో కూడా ఉన్నదా? ఈ ప్రశ్నకు అనీసా అబీ-దర్ఘాం బృందం 2000లో తలక్రిందులుగా ఆలోచించి జవాబు వెదికినది. మెదడులో డోపమైన్ తయారీని తాత్కాలికంగా ఆపే మందు ఇచ్చి, ప్రయాణికులను దింపివేసి, ఖాళీ అయిన సీట్లను లెక్కించినది. ఆరోగ్యవంతులలో లభ్యత 9 శాతం పెరగగా, రోగులలో 19 శాతం పెరిగినది. అనగా ఏ ఉద్దీపన లేకపోయినా రోగులలో ఎక్కువ గ్రాహకాలను డోపమైన్ ఆక్రమించి ఉన్నది. ఈ తేడా వ్యాధి ఉధృతంగా ఉన్నప్పుడు ఎక్కువగా కనిపిస్తున్నదని, లక్షణాలు తగ్గి నిలకడగా ఉన్నవారిలో అంతగా లేదని లారుయెల్ అధ్యయనాలలో తేలినది.

వ్యాధి పూర్తిగా బయటపడక ముందే ఈ మార్పు ఉంటుందా అన్నది తరువాతి ప్రశ్న. లండన్‌లో హోవ్స్ బృందం, అప్పుడప్పుడు అనుమానాలు, అస్పష్టమైన భ్రాంతులు కలుగుతూ వైద్య సహాయం కోరిన 24 మంది యువతీయువకులలో ఫ్లోరోడోపా గ్రహణం అప్పటికే పెరిగి ఉన్నదని 2009లో ప్రచురించినది. అటువంటివారిలో తరువాత పూర్తిస్థాయి వ్యాధికి గురైనవారిలోనే ఆ పెరుగుదల ప్రస్ఫుటంగా ఉండినదని 2011లో నివేదించారు. అయితే తరువాత వచ్చిన అధ్యయనాలన్నిటిలోనూ ఈ ఫలితం ఒకే విధంగా రాలేదు. వ్యాధి వచ్చే అవకాశం ఉన్నదని చెప్పబడినవారిలో ఎక్కువమందికి అది రాదు కనుక, ఈ స్కాన్‌ను జోస్యంగా వాడరాదు.

చిత్రాలలో స్పష్టత పెరిగాక మరొక ఆశ్చర్యం ఎదురైనది. భావోద్వేగాలతో ముడిపడిన లింబిక్ భాగంలో డోపమైన్ పెచ్చుమీరుతుందని పాఠ్యపుస్తకాలు చాలాకాలం చెప్పాయి. ఇప్పటికీ కొన్ని అలాగే చెబుతున్నాయి. కాని మనుషులలో కొలిచినప్పుడు పెరుగుదల ఎక్కువగా స్ట్రయేటంలోని అసోసియేటివ్ భాగంలో, అనగా ఆలోచన, నిర్ణయాలతో సంబంధం ఉన్న భాగంలో కనిపించినది. ఎలుకల మెదడు నుండి మనిషి మెదడుకు నేరుగా అన్వయించటంలో ఉన్న ఇబ్బందికి ఇదొక ఉదాహరణ.

డోపమైన్ ఎక్కువైతే మనిషికి మాటలు ఎందుకు వినిపించాలి, ఎవరిమీదనో అనుమానం ఎందుకు కలగాలి? భారతదేశంలో పుట్టి కెనడా, ఇంగ్లండులలో పనిచేసిన మనోవైద్యుడు శితిజ్ కపూర్ 2003లో దీనికి ఒక వివరణ ఇచ్చాడు. చుట్టూ జరిగే వందల సంగతులలో ఏది పట్టించుకోదగినదో గుర్తుపెట్టటం డోపమైన్ పనులలో ఒకటి. అది వేళకాని వేళ, కారణం లేకుండా వెలువడితే, పట్టించుకోనవసరం లేనివి కూడా ప్రత్యేకంగా తోస్తాయి. ఎదురింటివారి దగ్గు, వీధిలో ఆగిన స్కూటరు, టీవీలో వార్తలు చదివే మనిషి చూపు, అన్నీ తనను ఉద్దేశించినవే అనిపిస్తాయి. ఈ వింత అనుభవానికి అర్థం చెప్పుకునే ప్రయత్నంలో పుట్టిన కథే భ్రమ. ఆ కథకు కావలసిన పాత్రలను మనిషి తన ఊరు, తన సంస్కృతి నుండి తెచ్చుకుంటాడు. అందుకే ఒకరికి అది పోలీసుల నిఘాగా, మరొకరికి చేతబడిగా తోస్తుంది. మందు వేసిన తరువాత కొత్త సంఘటనలు మునుపటిలా గుచ్చుకోవటం తగ్గుతుంది గాని, అప్పటికే అల్లుకున్న కథ వెంటనే చెదిరిపోదు. 'మందు వేస్తున్నాం, ఇంకా అదే మాట అంటున్నాడు' అనే కుటుంబసభ్యుల నిరాశకు ఈ వివరణలో కొంత సమాధానం ఉన్నది.

మెదడు ముందుభాగంలోని కార్టెక్స్‌లో పరిస్థితి ఇందుకు భిన్నం. యాంఫెటమిన్ ఇచ్చినప్పుడు రోగుల కార్టెక్స్‌లో డోపమైన్ విడుదల ఆరోగ్యవంతులలో కంటే తక్కువగా ఉన్నదని 2015లో మార్క్ స్లిఫ్‌స్టైన్ బృందం చూపినది. ఆలోచన, జ్ఞాపకశక్తుల లోపానికి ఇది కారణం కావచ్చునని భావిస్తున్నారు. అదే ప్రాంతంలోని డి1 గ్రాహకాలపై మాత్రం 1997లో తగ్గాయని జపాన్ బృందం, 2002లో పెరిగాయని అమెరికా బృందం నివేదించాయి.

మందుల మోతాదుపై ప్రభావం

చిత్రీకరణ వలన రోగులకు నేరుగా కలిగిన మేలు మోతాదుల విషయంలోనే. 1988లో ఫార్డే బృందం, మామూలు మోతాదులో యాంటీసైకోటిక్ మందులు వాడుతున్న రోగులలో 65 నుండి 85 శాతం డి2 గ్రాహకాలు మందుతో నిండి ఉంటున్నాయని కొలిచినది. ఆ రోజులలో హాలోపెరిడాల్‌ను రోజుకు 20 మి.గ్రా., అంతకు మించి కూడా ఇచ్చేవారు. ఎంత ఎక్కువ ఇస్తే అంత త్వరగా నయమవుతుందనే అభిప్రాయం ఉండేది. 1996లో టొరంటోలో కపూర్ బృందం రోజుకు 2 మి.గ్రా. మాత్రమే తీసుకుంటున్నవారిని పరీక్షించగా, సగటున 67 శాతం గ్రాహకాలు అప్పటికే ఆక్రమించబడి ఉన్నాయి. అంటే మిగిలిన మందంతా నిండిన బస్సుపై వేసిన తువ్వాళ్ళ వంటిదే.

అదే బృందం 2000లో, మొదటిసారి వ్యాధికి గురైన రోగులకు హాలోపెరిడాల్ ఇచ్చి చేసిన అధ్యయనంలో మూడు మెట్లను గుర్తించినది. ఆక్రమణ 65 శాతం దాటినప్పుడు లక్షణాలు తగ్గే అవకాశం పెరుగుతుంది. 72 శాతం దాటితే ప్రొలాక్టిన్ అనే హార్మోను పెరుగుతుంది; దీనివలన స్త్రీలలో నెలసరి ఆగటం, పాలు రావటం జరగవచ్చు. 78 శాతం దాటితే చేతులు వణకటం, కండరాలు బిగుసుకుపోవటం, కుదురుగా కూర్చోలేకపోవటం మొదలవుతాయి. మేలుకీ కీడుకీ మధ్య ఉన్న సందు ఇంత ఇరుకైనదని అంతకు ముందు అంకెలలో ఎవరికీ తెలియదు. వణుకు, బిగువులకు భయపడి మందు మానేసిన రోగులు లెక్కలేనంతమంది. తరువాతి కాలంలో సిఫారసు చేసిన మోతాదులు గణనీయంగా తగ్గటంలో ఈ అంకెల పాత్ర పెద్దది. ఇవి సగటులు, ఒకే మాత్రకు ఇద్దరి రక్తంలో చేరే మందు ఒకేలా ఉండదు కనుక మోతాదు మార్పు వైద్యుడు చేయవలసినదే.

అన్ని మందులూ ఈ సూత్రానికి లొంగవు. క్లోజపైన్ 65 శాతం కన్నా తక్కువ ఆక్రమణతోనే పనిచేస్తుంది. క్వెటియపైన్ మాత్ర వేసుకున్న రెండు, మూడు గంటలలో ఎక్కువ గ్రాహకాలను పట్టుకుని, పన్నెండు గంటలు తిరిగేసరికి చాలావరకు వదిలేస్తుంది. అరిపిప్రజోల్ 80 శాతానికి మించి ఆక్రమించినా వణుకు, బిగువులు అంతగా రావు. ఇది పూర్తిగా తువ్వాలు కాదు, తాను కూర్చున్న గ్రాహకానికి కొంత కబురు తానే అందిస్తుంది.

ఇక్కడ గమనించదగిన విషయం ఒకటున్నది. తేడా డోపమైన్ తయారీలో ఉంటే, మందు అడ్డుకునేది దానిని అందుకునేచోట. కాలువ గట్టు తెగినచోట పూడ్చకుండా దిగువన ఇసుక బస్తాలు వేయటం వంటిది ఇది. బస్తాలు ఉన్నంతకాలం ఊరు మునగదు. తీసివేస్తే నీరు మళ్ళీ రావచ్చు. లక్షణాలు తగ్గాయని మందు హఠాత్తుగా ఆపినవారిలో వ్యాధి తిరగబెట్టటానికి ఇదొక కారణంగా భావిస్తారు.

మందుకు లొంగని వ్యాధి

రోగులలో సుమారు మూడింట ఒక వంతు మందికి మామూలు మందులు తగినంతగా పనిచేయవు. మందు మెదడుకు చేరటం లేదేమోననే అనుమానాన్ని పెట్ స్కాన్ 1989లోనే తీర్చినది. గుణం కనిపించనివారిలో కూడా గ్రాహకాల ఆక్రమణ గుణం కనిపించినవారిలో ఉన్నంతే ఉన్నది. సీట్లన్నీ ఆపినా ఫలితం లేదంటే, వారి వ్యాధికి మూలం వేరేచోట ఉండాలి.

2012లో లండన్‌లో అర్సైమ్ డెమ్జహా బృందం మందుకు లొంగని 12 మందిని, మందుతో కుదుటపడిన 12 మందిని, 12 మంది ఆరోగ్యవంతులను ఫ్లోరోడోపాతో పోల్చి చూసినది. కుదుటపడినవారిలో డోపమైన్ తయారీ ఎక్కువగా ఉండగా, లొంగనివారిలో అది ఆరోగ్యవంతుల స్థాయిలోనే ఉన్నది. 2014లో ఇదే బృందం మందుకు లొంగనివారి యాంటీరియర్ సింగులేట్ ప్రాంతంలో గ్లుటమేట్ ఎక్కువగా ఉన్నదని నివేదించినది. ఒకే పేరుతో పిలుస్తున్న వ్యాధిలో కనీసం రెండు రకాలున్నాయేమోననే ఆలోచనకు ఈ చిన్న అధ్యయనాలు బలం చేకూర్చాయి.

ఇటువంటివారికి ప్రస్తుతం ఉన్న ముఖ్యమైన మందు క్లోజపైన్. తెల్లరక్తకణాలు ప్రమాదకరంగా పడిపోవటం వలన ఫిన్లాండ్‌లో కొందరు మరణించగా, 1975లో దీని వాడకం చాలా దేశాలలో ఆగిపోయినది. 1988లో జాన్ కేన్ బృందం, ఇతర మందులకు లొంగనివారిలో 30 శాతం మందికి ఇది పనిచేసినదని, పోలికకు ఇచ్చిన క్లోర్‌ప్రోమజైన్ 4 శాతం మందికే పనిచేసినదని చూపిన తరువాత, రక్తపరీక్షల షరతుతో తిరిగి వచ్చినది. సరైన రోగికి ఈ మందు చేరటానికి చాలాచోట్ల ఏళ్ళు పడుతున్నది. ఎవరు లొంగరో ముందే చెప్పగలిగితే ఆ ఏళ్ళు మిగులుతాయి. చిత్రీకరణ పరిశోధకులు ఇప్పుడు ఎక్కువగా ఆశపెట్టుకున్నది ఇక్కడే.

గ్లుటమేట్

ఫెన్‌సైక్లిడిన్, కెటమిన్ అనే మత్తుమందులు గ్లుటమేట్‌కు చెందిన ఎన్.ఎమ్.డి.ఎ. గ్రాహకాలను అడ్డుకుంటాయి. ఇవి ఇచ్చినప్పుడు ఆరోగ్యవంతులలో భ్రమలే కాక, నిరాసక్తత, ఆలోచన మందగించటం కూడా తాత్కాలికంగా కనిపిస్తాయి. డోపమైన్ సిద్ధాంతం వివరించలేని లక్షణాలు ఇవే కావటం వలన గ్లుటమేట్‌పై ఆసక్తి పెరిగినది. 2006లో లండన్‌లో లిన్ పిలోవ్‌స్కీ బృందం, మందులు వాడని రోగుల ఎడమ హిప్పోకాంపస్‌లో ఎన్.ఎమ్.డి.ఎ. గ్రాహకాలకు ట్రేసర్ బంధనం తగ్గినదని స్పెక్ట్ ద్వారా చూపినది. ఎం.ఆర్. స్పెక్ట్రోస్కోపీ ఫలితాలు మెదడు భాగాన్ని బట్టి, రోగి వయసును బట్టి, వాడిన మందులను బట్టి మారుతున్నాయి. 2016లో వాటిని క్రోడీకరించినప్పుడు కొన్ని ప్రాంతాలలో గ్లుటమేట్ సంబంధిత కొలతలు పెరిగినట్లు కనిపించినది.

చికిత్స మాత్రం నిరాశపరచినది. గ్లుటమేట్‌పై పనిచేసే పోమగ్లుమెటాడ్ అనే మందు 2007లో ఆశ రేకెత్తించినా, పెద్ద పరీక్షలలో నెగ్గక 2012లో ఆగిపోయినది.

ఇతర వ్యవస్థలు

సెరొటోనిన్ గ్రాహకాలలో ఒక రకాన్ని క్లోజపైన్ తక్కువ మోతాదులోనే 80 శాతానికి పైగా ఆక్రమిస్తుంది. అయితే ఆ ఆక్రమణ ఒక్కటే భ్రమలను తగ్గించదని తరువాత తెలిసినది. గాబా గ్రాహకాలపై ఫలితాలు పరస్పర విరుద్ధంగా ఉన్నాయి. నాడీసంధుల సాంద్రతను సూచించే ఒక ప్రొటీన్‌ను గుర్తించే ట్రేసర్‌తో 2020లో లండన్‌లో జరిపిన పరిశోధనలో రోగుల మెదడు ముందుభాగంలో ఆ సంకేతం తక్కువగా ఉన్నట్లు కనుగొన్నారు.

వీటన్నిటిలో ఊహించని ఫలం ఇచ్చినది ఎసిటైల్‌కోలిన్. 2003లో థామస్ రేడ్లర్ బృందం మందులు వాడని రోగులలో దీనికి చెందిన మస్కరినిక్ గ్రాహకాల లభ్యత తగ్గినదని స్పెక్ట్ ద్వారా చూపినప్పుడు పెద్దగా పట్టించుకున్నవారు లేరు. ఆ గ్రాహకాలను ప్రేరేపించే జానోమెలిన్‌ను, శరీరంలోని మిగిలిన భాగాలలో దాని దుష్ఫలితాలను అడ్డుకునే ట్రోస్పియంతో కలిపిన మందును 2024 సెప్టెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదించినది. డి2 గ్రాహకాన్ని ముట్టుకోకుండా ఈ వ్యాధికి ఆమోదం పొందిన మొదటి మందు ఇది.

పరిమితులు

ఈ పరిశోధనలలో పాల్గొన్నవారి సంఖ్య సాధారణంగా పదుల్లోనే ఉంటుంది. తీవ్రమైన అనుమానాలతో బాధపడుతున్న వ్యక్తి గంటకు పైగా యంత్రంలో కదలకుండా పడుకోవటం, రేడియోధార్మిక సూదిమందుకు సమ్మతించటం తేలిక కాదు. కనుక అధ్యయనాలకు వచ్చేవారు చాలావరకు కొంత నిలకడగా ఉన్నవారే. రోగులలో పొగతాగేవారు ఎక్కువ. పొగతాగేవారి మెదడులో డోపమైన్‌ను విచ్ఛిన్నం చేసే ఒక ఎంజైము 40 శాతం తక్కువగా ఉంటుందని 1996లో జోవానా ఫౌలర్ చూపినది. ఇటువంటి అంశాలను లెక్కలోకి తీసుకోకపోతే పొగాకు ప్రభావాన్ని వ్యాధి ప్రభావంగా పొరబడే ప్రమాదం ఉన్నది.

అన్నిటికన్నా ముఖ్యమైనది, రోగుల అంకెలు, ఆరోగ్యవంతుల అంకెలు చాలావరకు ఒకదానిపై ఒకటి పడుతాయి. సగటున మగవారు ఆడవారికంటే పొడవైనా, ఎత్తు చూసి ఆడో మగో చెప్పలేనట్లే, డోపమైన్ తయారీ వేగం చూసి ఒకరికి వ్యాధి ఉన్నదని చెప్పలేము. వ్యాధి నిర్ధారణ ఇప్పటికీ రోగితోనూ, కుటుంబంతోనూ మాట్లాడి, లక్షణాలను కొంతకాలం గమనించి చేసేదే. ఆసుపత్రులలో తీయించే సి.టి., ఎం.ఆర్.ఐ. స్కాన్లు కణితి, మెదడువాపు వంటి ఇతర కారణాలు లేవని నిశ్చయించుకోవటానికి ఉద్దేశించినవి. వాటిలో వార్తాహరులు కనిపించవు. 'స్కాన్ నార్మల్ వచ్చినది కనుక జబ్బు లేదు, కావాలనే చేస్తున్నాడు' అనుకోవటం తరచుగా జరిగే పొరపాటు. డోపమైన్‌కు సంబంధించిన స్కాన్లు మన దేశంలోనూ చేస్తున్నారు గాని, వాటిని వైద్యంలో వాడేది ప్రధానంగా పార్కిన్‌సన్ వ్యాధికి. దేశంలో మొదటి వైద్య సైక్లోట్రాన్ 2002లో ముంబాయిలోని రేడియేషన్ మెడిసిన్ సెంటర్‌లో పనిచేయటం మొదలుపెట్టినది.

రేడియోధార్మికత లేకుండా డోపమైన్‌ను పరోక్షంగా కొలిచే మార్గం ఒకటి పరిశీలనలో ఉన్నది. డోపమైన్ తయారుచేసే కణాలలో న్యూరోమెలనిన్ అనే నల్లని పదార్థం వయసుతోబాటు పేరుకుంటుంది. దీనిని ప్రత్యేక పద్ధతిలో తీసిన ఎం.ఆర్.ఐ.లో చూడవచ్చు. ఈ సంకేతానికీ, స్ట్రయేటంలో డోపమైన్ విడుదలకూ, రోగులలో భ్రమల తీవ్రతకూ సంబంధం ఉన్నదని 2019లో క్లిఫర్డ్ కాసిడీ, తదితరులు ప్రచురించారు. సైక్లోట్రాన్ అవసరం లేదు, సూది లేదు, ఒకే వ్యక్తికి ఎన్నిసార్లయినా తీయవచ్చు.